గొర్రెపిల్లల మూతి పుండ్లు నా వేలికి అంటుకున్నాయి. వైరస్ చంపాలి గదా, కండ ఎట్లా పెంచుతుంది?

ప్రశ్న: డిండి_బిడ్డ

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. డిగ్రీ బీజడ్‌సీ రెండో ఏడు చదువుతున్నా. ఇంట్లో గొర్రెల మంద ఉంది, నాయిన, తాత మేపుతారు.

ఈ ఎండాకాలం పచ్చిగడ్డి లేక మందను సర్కారు తుమ్మ కంపల్లోకి తోలారు. కొన్నాళ్లకు పిల్లలకు మూతి పుండ్లు లేచాయి. పెదవుల చివర్ల ఎర్రగా మొదలై, చీము పట్టి, నల్లటి మందమైన చెక్కు కట్టింది. చెక్కు ఊడితే కింద పచ్చి మాంసం ఎగుడుదిగుడుగా పెరిగి కనిపించేది. తల్లి పొదుగు పట్టలేక అవి అరుస్తుంటే చూడలేక నేనే సీసాతో పాలు పట్టాను. పాల పీక అలవాటు కావాలంటే ముందు వేలు నోట్లో పెట్టి చప్పరించనివ్వాలి. ఆ వేలికి అప్పటికే ముల్లు గీరుకుని ఉంది.

వారం తిరగకముందే ఆ గీత మీద ఎర్ర పొక్కు లేచింది. ఇప్పుడు రేగుపండంత అయింది. మధ్యలో ఎరుపు, చుట్టూ తెల్లటి వలయం, దాని బయట మళ్లీ ఎరుపు. పైన తడితడిగా ఉంటుంది, రసి కారుతుంది. కొంచెం తగిలినా రక్తం వస్తుంది. నొప్పి మాత్రం అంతగా లేదు. చంకలో బిళ్ల కట్టింది.

టౌన్‌లో చూపిస్తే ఒక డాక్టరు చీముగడ్డ అన్నారు, కోసి తీసేద్దామన్నారు. మా అమ్మ ఒప్పుకోక ఇంకో చర్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ముందుగా అడిగిన మాట, ఇంట్లో గొర్రెలున్నాయా అని. ఉన్నాయంటే, "ఇది ఆర్ఫ్. గొర్రెల నుంచి వచ్చే వైరస్. కోయొద్దు, దానంతట అదే పోతుంది" అన్నారు.

నాకు అర్థం కానిది ఇక్కడే. మాకు క్లాసులో చెప్పింది, వైరస్ కణంలో దూరి, తనలాంటివే వందల కొద్దీ తయారుచేసి, కణాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుందని. బ్యాక్టీరియాకు సోకే వైరస్, అంటే బ్యాక్టీరియోఫేజ్ బొమ్మ వేసి చూపించారు కూడా. అట్లయితే నా వేలికి గుంట పడాలి గదా, గడ్డ ఎందుకు లేచింది? కణాల్ని చంపేది కణాల్ని పెంచుతుందా? మా తమ్ముడి మోకాలి మీద పులిపిరికాయలు ఉన్నాయి, అవి కూడా వైరస్ వల్లే అంటారు. రెండూ ఒకటేనా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: పాలమూరు_పశువైద్యుడు

బిడ్డా, నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే చర్మ డాక్టరు మాటే సరైందనిపిస్తుంది. కల్వకుర్తి, అచ్చంపేట వైపు పశువుల దవాఖానల్లో చాలా ఏళ్లు పనిచేశాను. కాపరుల వేళ్లకు ఈ గడ్డలు లేవడం అక్కడ కొత్తేం కాదు. పిల్లల నోరు తెరిచి మందు తాగించేవాళ్లకు, తలకాయలు కొట్టేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు.

కంప ముళ్లు పెదవులకు గీరుకోవడంతోనే పిల్లలకు మొదలై ఉంటుంది. చర్మం చెక్కుచెదరకుండా ఉంటే ఈ వైరస్‌కు లోపలికి పోవడం కుదరదు. నీ వేలి విషయంలోనూ జరిగింది అదే. మందులో జబ్బు పడ్డ పిల్లల్ని వేరు కట్టండి. పుండ్లను పలచటి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, బోరిక్ గ్లిజరిన్ రాయండి. చెక్కును మాత్రం బలవంతంగా పీకొద్దు. తల్లుల పొదుగులు కూడా చూడండి. పిల్లల మూతి నుంచి చన్నులకు అంటితే పాలివ్వలేక తన్నేస్తాయి, ఆ తర్వాత పొదుగువాపు వస్తుంది. సీసాతో పాలు పట్టడం చాలా మంచి పని. ఈ జబ్బులో పిల్లలు పుండు వల్ల కంటే పాలు అందక నీరసించి పోతాయి. చేతికి గ్లవ్స్ వేసుకో, అంతే.

ఒక్క హెచ్చరిక. ఉన్నట్టుండి చచ్చిన గొర్రెనో మేకనో కోసిన చేతికి, నొప్పి లేని పుండు లేచి, మధ్యలో నల్లగా మాడినట్టు చెక్కు కట్టి, చుట్టూ బాగా వాచిపోతే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. దానికి ఒక్క పూట కూడా ఆగకూడదు, పెద్దాసుపత్రికి పోవాలి. నీ మందలో చావులు లేవు కాబట్టి నీకా భయం పెట్టడం లేదు. ఇది చదివే వేరే కాపరుల ఇళ్లవాళ్ల కోసం రాస్తున్నాను.

కండ ఎందుకు పెరుగుతుందన్నది ఇక్కడ ఇంకా బాగా చెప్పగలిగినవాళ్లు ఉన్నారు.

జవాబు: నల్లగొండ_పెథాలజీ

చెల్లె, నేను పెథాలజీ డాక్టర్‌ని. రోగి నుంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు చెప్పడం నా పని. మాదీ గొర్రెలు కాసిన ఇల్లే, మా మేనమామ బొటనవేలికి ఇదే గడ్డ లేవడం చిన్నప్పుడు చూశాను. "గుంట పడాలి గదా, గడ్డ ఎందుకు లేచింది" అని అడిగావు చూడు, ఆ ప్రశ్న చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. దీనికి జవాబు స్లైడు మీద కళ్లకు కనిపిస్తుంది. అక్కడి నుంచే చెప్తాను.

తలకాయలు, కాళ్లు కాల్చి అమ్మే ఒకాయన వేలి ముక్క ఒకసారి నా దగ్గరికి వచ్చింది. క్యాన్సరేమోనన్న అనుమానంతో పంపారు. స్లైడు పెట్టి చూస్తే, చర్మం పైపొర కణాలు ఉబ్బి పాలిపోయి ఉన్నాయి. కొన్నింట్లో కేంద్రకం ముడుచుకుపోయింది. కేంద్రకం బయట, కణద్రవ్యంలో, గులాబీ రంగు గుండ్రటి ముద్దలు. అక్కడక్కడా కణాలు చితికిపోయి ఖాళీలు పడ్డాయి. నువ్వన్న గుంట అదే, నిజంగానే అక్కడ ఉంది. స్లైడును కొంచెం కిందికి జరిపితే దృశ్యం మారిపోతుంది. మామూలు చర్మంలో పైచర్మం కింది అంచు చిన్న చిన్న అలలుగా ఉంటుంది. ఇక్కడ అది సన్నగా, పొడుగ్గా, పాయలు పాయలుగా లోపలికి దిగిపోయింది. ఆ పాయల మధ్య ఎటు చూసినా కొత్త రక్తనాళాలు, ఎర్రకణాలతో నిండి ఉబ్బి ఉన్నాయి. కొంచెం తగిలినా రక్తం వస్తుందన్నావు కదా, ఇందుకే. పైన కణాలు చస్తున్నాయి, కింద పెరుగుతున్నాయి. రెండూ ఒకే ముక్కలో.

క్లాసులో చెప్పిన ఫేజ్ కథ తప్పేం కాదు. కాకపోతే బ్యాక్టీరియా ఒంటి కణం, పగిలిందంటే అంతటితో సరి. చర్మం పొరలు పొరలుగా ఉంటుంది. అట్టడుగు వరసలో కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. అక్కడ పుట్టిన కణం పైకి జరుగుతూ, కెరటిన్ అనే ప్రోటీన్‌తో గట్టిపడి, చచ్చి, చివరికి పొట్టుగా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది. అంటే చర్మంలో బతకాలనుకునే వైరస్‌కు ఒక చిక్కుంది. పై కణాలు ఎలాగూ చావబోతున్నాయి, వాటిలో దాని పని సాగదు. దానికి చురుకైన లేత కణాలు కావాలి.

ఆర్ఫ్ వైరస్ మశూచి వైరస్ ఉన్న పాక్స్ కుటుంబంలోదే. దాని డీఎన్ఏలో సుమారు 1,38,000 బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు), 130 దాకా జన్యువులు ఉంటాయి. వైరస్‌లలో ఇది పెద్ద సంసారమే. డీఎన్ఏను నకలు చేసే ఎంజైమ్‌ను కూడా తనే తెచ్చుకుంటుంది, అందుకే కేంద్రకంలోకి పోకుండా కణద్రవ్యంలోనే పని నడిపిస్తుంది. ఇది స్థిరపడేది గాయం అంచున కొత్తగా పుడుతున్న చర్మ కణాల్లో. కాబట్టి ముల్లు గీత దానికి దారి ఇవ్వడంతో ఆగలేదు. ఆ గీతను పూడ్చడానికి నీ ఒళ్లు తయారుచేసిన లేత కణాలే దానికి నివాసమయ్యాయి.

అంతటితో ఊరుకోదు. గాయం మానేటప్పుడు మన ఒళ్లు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ విడుదల చేస్తుంది. అది రక్తనాళాల కణాలకు తగిలితే అక్కడ కొత్త నాళాలు మొలుస్తాయి. ఆర్ఫ్ వైరస్ డీఎన్ఏలో అచ్చం దాన్ని పోలిన జన్యువు ఉందని 1994లో న్యూజిలాండ్ ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టారు. ఎప్పుడో ఏదో జంతువు కణం నుంచే వైరస్ ఈ జన్యువును ఎత్తుకుని ఉంటుందని అనుకుంటారు. వైరస్ సోకిన కణం ఈ ప్రోటీన్‌ను చుట్టూ వదులుతుంది. చెలక చివరి మడికి నీళ్లందాలని పిల్లకాలువ తీసినట్టు, నాళాలు ఆ వైపు సాగుతాయి. ఆ ఒక్క జన్యువు తీసేసిన వైరస్‌ను గొర్రెల చర్మానికి ఎక్కించి చూస్తే, నాళాలు తక్కువగా వచ్చాయి, పైచర్మం మందం కావడం, పాయలు దిగడం కూడా తగ్గాయి. కండ పెరగడంలో ఈ ప్రోటీన్‌కు ఎంత పాత్ర ఉందో దాంతో తేలింది.

ఇందులో నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. వైరస్ ఉండేది పైచర్మం కణాల్లో. కింద ఉబ్బిన రక్తనాళాల్లో, అక్కడ గుమిగూడిన తెల్లకణాల్లో కాదు. నీ వేలి మీద లేచిన కండలో చాలా భాగం వైరస్ సోకని, నీ సొంత ఆరోగ్యమైన కణాలు. పక్క కణం పంపిన సంకేతాన్ని నమ్మి, గాయం మాన్పుతున్నామనుకుని పెరిగినవి. కోసి తీసేస్తే అక్కడ కొత్త గాయం అవుతుంది, కొత్త గాయం అంటే మళ్లీ లేత కణాలు, మళ్లీ రక్తస్రావం. చర్మ డాక్టరు వద్దన్నది ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

ఈ కుటుంబానికి ఇది అలవాటైన పనే. మశూచి టీకాలో వాడిన వ్యాక్సీనియా వైరస్ వేరే ప్రోటీన్‌ను వదులుతుంది. చర్మ కణాలను పెంచే మన ఈజీఎఫ్‌ను అది పోలి ఉంటుందని 1980ల మధ్యలో తెలిసింది. కణం ఆకారాన్ని కూడా ఆ వైరస్ మార్చేస్తుంది. కణానికి ఆకారాన్నిచ్చే యాక్టిన్ పోగుల్ని తన వెనక తోకలా కట్టించుకుని, ఆ తోక తోసే ఊపుతో పక్క కణంలోకి పోతుంది. సోకిన కణం పక్కవాటితో పట్టు వదిలి గుండ్రబడిపోతుంది. ఆ వీడియోలు దొరికితే తప్పకుండా చూడు. మైక్రోస్కోప్ కింద అంత అద్భుతమైనది నేనింకోటి చూడలేదు.

ఇక మీ తమ్ముడి పులిపిరికాయలు. అది పూర్తిగా వేరే వైరస్, హ్యూమన్ పాపిలోమా. గొర్రెలతో దానికి ఏ సంబంధమూ లేదు. పులిపిరికాయలు బ్యాక్టీరియా కూడా దాటలేనంత సన్నగా వడపోసిన రసంతో కూడా అంటుకుంటాయని, అంటే వైరస్ వల్ల వస్తాయని 1907లోనే ఇటలీలో చ్యూఫో అనే డాక్టరు చూపించారు. ఈ వైరస్ బహు పేదది. డీఎన్ఏ 8,000 జతలే, నకలు చేసుకునే ఎంజైమ్ కూడా సొంతంగా లేదు. అన్నిటికీ కణం కేంద్రకంలోని సామగ్రి మీదే ఆధారపడాలి. అయితే కణం పైకి జరుగుతుంటే ఆ సామగ్రి మూతపడుతుంది, విభజన ఆగిపోతుంది. అలా మూతపడనివ్వకుండా ఈ7 అనే దాని ప్రోటీన్ అడ్డుపడుతుంది. విభజనకు బ్రేకులా పనిచేసే ఆర్‌బి ప్రోటీన్‌ను పట్టేసుకుంటుంది. ఆగాల్సిన కణం డీఎన్ఏ తయారుచేస్తూనే ఉంటుంది. చర్మం మందమై, గరుకుగా పైకి లేస్తుంది. అదే పులిపిరికాయ.

స్లైడులో దీని గుర్తు వేరు. పై కణాల్లో కేంద్రకం ముడతలు పడి, దాని చుట్టూ తెల్లటి ఖాళీ వలయం ఉంటుంది. వీటికి కొయిలోసైట్లు అని 1956లో కాస్, డర్ఫీ అనే ఇద్దరు పేరు పెట్టారు. వైరస్ చేసే ఈ4 అనే ఇంకో ప్రోటీన్ కణం లోపలి కెరటిన్ పోగుల అల్లికను కూల్చేస్తుంది. కణాన్ని పగలగొట్టదు. రాలిపోయే పొట్టుతోపాటే వైరస్ బయటికి పోతుంది. ఎర్రబారడం లేదు, రసి లేదు, ఒళ్లు అప్రమత్తం కావడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే అవి నెలలు, ఒక్కోసారి ఏళ్లు నిలుస్తాయి. నీ వేలి గడ్డ మాత్రం ఇంత గొడవ చేసి కొన్ని వారాల్లోనే పోతుంది.

జవాబు: మక్తల్_మంద

మా దగ్గర కూడా ప్రతి ఏడూ చూస్తాం. పెద్దవాళ్లు వేపనూనెలో పసుపు కలిపి పూస్తారు. మా అన్నకు రెండేళ్ల కింద వేలికి వచ్చి పోయింది, ఈసారి మళ్లీ వచ్చింది. ఒకసారి వస్తే మళ్లీ రాదంటారు గదా, మరి ఇదెట్లా? ఇంకోటి, అట్లాంటి గొర్రెను కోస్తే మాంసం తినొచ్చా? టీకా ఏమన్నా ఉందా?

డిండి_బిడ్డ

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను, మా లెక్చరర్‌కు కూడా చూపిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. బ్రేకులు పనిచేయక కణాలు పెరుగుతూ పోవడం అంటే క్యాన్సరే గదా? అమ్మకు చదివి వినిపిస్తే ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నిన్నటి నుంచి ఒకటే టెన్షన్ పడుతుంది. పెరగడం మొదలుపెట్టినవి ఎప్పుడు ఆగాలో వాటికెట్లా తెలుస్తుంది?

జవాబు: నల్లగొండ_పెథాలజీ

అమ్మకు ముందు ఈ ముక్క చదివి వినిపించు: ఆర్ఫ్ గడ్డ క్యాన్సర్‌గా మారదు.

కారణం కూడా చెప్తాను. ఆర్ఫ్ వైరస్ మన కేంద్రకంలోకి పోదు, మన డీఎన్ఏలో అతుక్కోదు. నీ కణాలకు అందుతున్నది బయటి సంకేతం మాత్రమే. నీ తెల్లకణాలు వైరస్ ఉన్న చర్మ కణాల్ని ఏరిపారేయగానే ఆ ప్రోటీన్ రావడం ఆగిపోతుంది. సంకేతం ఆగితే నాళాలు ముడుచుకుంటాయి, మందమైన చర్మం ఎప్పటిలాగే పైకి జరిగి రాలిపోతుంది. ఎప్పుడు ఆగాలో కణాలు విడిగా తెలుసుకోవాల్సిన పని లేదు. మామూలుగా ఇదంతా సుమారు 6 వారాల్లో అవుతుంది. నువ్వు చెప్పిన ఎరుపు, తెలుపు వలయాలు రెండో దశ. ఇప్పుడు రసి కారుతుందంటే మూడోది మొదలైంది. తర్వాత చెక్కు కట్టి, మొలకలు మొలకలుగా అయి, ఎండిపోతుంది. చంకలో బిళ్ల కూడా దాంతోపాటే తగ్గుతుంది.

ఇంకా త్వరగా ఎందుకు తగ్గదంటే, వైరస్ మన తెల్లకణాల్ని నెమ్మదింపజేసే ప్రోటీన్‌ను కూడా పెట్టుకుంది. ఐఎల్-10 అని, గొర్రె శరీరంలో వాపును తగ్గించే ప్రోటీన్‌కు దాదాపు నకలు. కొంతకాలం దాంతో నెట్టుకొస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో ఈ గడ్డ చాలా పెద్దదై, తొందరగా తగ్గకపోవచ్చు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే పుండ్లున్న గొర్రెపిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. నీకు జ్వరం వచ్చినా, ఎరుపు గీతలా చెయ్యి పైకి పాకినా, చీము పట్టినా డాక్టరుకు చూపించు. అది పైన చేరిన బ్యాక్టీరియా పని, దానికి మందులు అవసరమవుతాయి.

పాపిలోమా వైరస్ విషయంలో మీ అమ్మ భయానికి కొంత ఆధారం ఉంది, దాచను. 200కు పైగా రకాల్లో 16, 18 లాంటి కొన్ని రకాలు ఆర్‌బి ప్రోటీన్‌ను గట్టిగా పట్టేస్తాయి. పైగా దెబ్బతిన్న కణాన్ని ఆపే పి53 అనే ప్రోటీన్‌ను వాటి ఈ6 అనే ఇంకో ప్రోటీన్ నాశనం చేయిస్తుంది. అవి ఏళ్ల తరబడి గర్భాశయ ముఖద్వారంలో నిలిచిపోతే క్యాన్సర్ రావచ్చు. ఆ సంబంధాన్ని బయటపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హారల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. తమ్ముడి మోకాలి మీద వచ్చేవి 1, 2, 4, 27, 57 లాంటి రకాలు, వాటితో ఆ ప్రమాదం లేదు. బ్లేడుతో గీకొద్దని చెప్పు, గీకినచోటల్లా కొత్తవి లేస్తాయి. 16, 18 రకాల నుంచి కాపాడే టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది, నీ వయసులో కూడా వేయించుకోవచ్చు. నీతో చదివే ఆడపిల్లలకు కూడా ఈ సంగతి చెప్పు. నా టేబుల్ మీదికి వచ్చే గర్భాశయ ముఖద్వారం ముక్కల్లో ఎన్నో, ముందే ఆపగలిగినవి. వాటిని చూసిన ప్రతిసారీ మనసు పాడవుతుంది.

జవాబు: పాలమూరు_పశువైద్యుడు

మక్తల్ తమ్ముడికి. ఈ వైరస్ మీద వచ్చే రక్షణ ఎక్కువ కాలం నిలవదు. అందుకే గొర్రెకైనా మనిషికైనా మళ్లీ వస్తుంది. రెండోసారి మామూలుగా చిన్నగా వచ్చి, తొందరగా పోతుంది. మీ అన్నకు ఎట్లా ఉందో గమనించండి. బాగా ఉడికిన మాంసంతో భయం లేదు, జాగ్రత్త పడాల్సింది కోసేటప్పుడు, తలకాయ శుభ్రం చేసేటప్పుడు.

కొన్ని దేశాల్లో టీకా ఉంది. అది బతికి ఉన్న వైరసే, చర్మం గీరి వేస్తారు. వేసినచోట చెక్కు కడుతుంది, ఆ చెక్కులోనూ వైరస్ ఉంటుంది. జబ్బు ఎన్నడూ రాని మందకు వేస్తే మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. కాబట్టి టీకా కోసం వెతకడం కంటే దొడ్డి మీద దృష్టి పెట్టండి. ఎండిన చెక్కులో ఈ వైరస్ నెలలు, పొడిగా ఉంటే ఏళ్లు కూడా బతుకుతుంది. మీకు ప్రతి ఏడూ రావడానికి అదే కారణం అయి ఉండొచ్చు. రాలిన చెక్కుల్ని ఊడ్చి కాల్చేయండి, పిల్లలు పాలు తాగే సీసాలు, దాణా తొట్లు కడిగి ఎండబెట్టండి, దొడ్డి నేల పైమట్టి గీరి తీసి సున్నం చల్లండి. అంగడి నుంచి కొత్త గొర్రెలు తెస్తే మూడు వారాలు వేరుగా కట్టి, మూతులు, గిట్టల మధ్య, పొదుగులు చూసిన తర్వాతే మందలో కలపండి. పిల్లలు లేతగా ఉన్నన్ని రోజులు కంప ఉన్న వైపు తోలకండి.